డాప్లర్‌లో వినిపిస్తున్నది ఎవరి గుండె?

గర్భిణి పొట్ట మీద డాప్లర్ అనే చిన్న పరికరం పెట్టగానే గుర్రం పరిగెత్తుతున్నట్టు ఒక చప్పుడు వినపడుతుంది. అది బిడ్డ గుండె చప్పుడే అనుకుంటాం. కానీ ఆ చప్పుడు చేస్తున్నది మిషన్. లోపల గుండె కదులుతోంది, ఆ కదలికని మిషన్ చప్పుడుగా మార్చి స్పీకర్లోకి పంపుతోంది. ఈ తేడా చాదస్తంలా అనిపించొచ్చు గానీ, బిడ్డ గుండెని కనిపెట్టి చూడటంలో జరిగే చాలా పొరపాట్లకి మూలం ఇక్కడే ఉంది.

లెక్క చూడండి. చేతిలో పట్టుకునే డాప్లర్లు ఎక్కువగా 2 లేదా 3 మెగాహెర్ట్జ్‌వి. 2 మెగాహెర్ట్జ్ అంటే అది పంపే శబ్ద తరంగంలో సెకనుకి 20 లక్షల కంపనాలు; మన చెవి హద్దు 20 వేలు. ఈ తరంగం శరీరంలో సెకనుకి సుమారు 1,540 మీటర్ల వేగంతో పోయి, కదులుతున్న గుండె గోడకో కవాటానికో తగిలి వెనక్కి వస్తుంది. ఆ గోడ సెకనుకి 10 సెంటీమీటర్ల వేగంతో ప్రోబ్ (పొట్టకి ఆనించే భాగం) వైపు వస్తోందనుకుంటే, తిరిగొచ్చిన తరంగంలో దాదాపు 260 హెర్ట్జ్ తేడా ఉంటుంది. మిషన్ వినిపించేది ఆ తేడాని మాత్రమే. అది మన చెవికి హాయిగా అందే స్థాయిలో ఉండటం వల్లే డాప్లర్ ఇంత తేలికైన పరికరం అయింది.

అయితే ప్రోబ్‌కి గుండె ఏదో తెలియదు. ఎదురుగా ఏది కదిలితే దాన్నే వినిపిస్తుంది: బొడ్డుతాడులో రక్తం, గర్భసంచికి వెళ్లే రక్తనాళాలు, తల్లి వెన్నెముక ముందున్న పెద్ద ధమని, బిడ్డ తన్నులు, తల్లి ఊపిరి. అందుకే "వినపడుతోందా?" అన్నదానికన్నా "ఎవరిది వినపడుతోంది?" అన్నది ముందు తేల్చుకోవాలి.

మొదటి వారాల్లో: వినడం కాదు, చూడడం

ఫలదీకరణ జరిగిన 22 రోజులకి అటూ ఇటూగా గుండె గొట్టం కొట్టుకోవడం మొదలుపెడుతుంది. గర్భం వారాలని ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతాం కాబట్టి అది ఐదు వారాలు నిండి ఆరో వారంలోకి వచ్చే సమయం. యోని ద్వారా చేసే స్కాన్‌లో ఐదున్నర నుంచి ఆరు వారాలకి అది తెర మీద చిన్న మినుకుమినుకులా కనిపిస్తుంది. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో కనపడాలంటే ఇంకో వారమైనా ఆగాల్సి వస్తుంది.

వేగం మొదట్లో నిమిషానికి 100 నుంచి 115 మధ్య ఉంటుంది. అక్కడి నుంచి రోజురోజుకీ పెరిగి తొమ్మిదో వారానికి 170 దగ్గరికి చేరుతుంది. తర్వాత మెల్లగా దిగి 14 వారాలకి 150 ప్రాంతంలో ఉంటుంది. నెలలు నిండేనాటికి 110 నుంచి 160 మామూలు. దిగడానికి కారణం గుండె బలహీనపడటం కాదు. గుండెకి కళ్లెం వేసే వేగస్ నాడి ఎదిగి పని మొదలుపెట్టడం. 140 దాటితే ఆడపిల్ల, దిగువన ఉంటే మగపిల్లాడు అనే మాట ఈ ఎక్కిదిగే గీత ముందు నిలవదు. ఏ వారంలో కొలిచారన్నదాన్ని బట్టి అదే బిడ్డ రెండు వైపులా ఉంటుంది.

ఈ దశలో వేగం కొలవడానికి స్కాన్ మిషన్‌లోని ఎం-మోడ్ అనే పద్ధతి వాడతారు. డాప్లర్ కిరణం శక్తి అంతా ఒకేచోట కేంద్రీకరించి కణజాలాన్ని కాస్త వేడెక్కించగలదు. అవయవాలు ఏర్పడుతున్న వారాల్లో కేవలం చప్పుడు వినడం కోసం అది అనవసరం. ఎం-మోడ్‌లో గుండె మీదుగా ఒక్క గీత వేసి, ఆ గీత మీద కదలికని కాలంతో పాటు గీయిస్తారు. అలల్లా వస్తుంది. ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి 0.36 సెకన్లు ఉంటే, 60ని 0.36తో భాగిస్తే సుమారు 167.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కొన్ని మిషన్లలో ఒక చప్పుడికి కొలవాలా, రెండు చప్పుళ్లకి కొలవాలా అన్నది సెట్టింగ్‌లో ఉంటుంది. మిషన్ ఒక చప్పుడనుకుంటుంటే, కొలిచే మనిషి రెండు చప్పుళ్ల దూరం, అంటే 0.72 సెకన్లు గుర్తుపెడితే తెర మీద 83 వస్తుంది. ఎనిమిది వారాల పిండానికి 83 అంటే అందరి ముఖాలూ వాడిపోతాయి. కానీ అక్కడ నెమ్మదించింది గుండె కాదు, తప్పింది లెక్క. తెర మీద మినుకు చకచకా కొట్టుకుంటూ అంకె మాత్రం తక్కువ చూపిస్తే మళ్లీ కొలవమని అడగడంలో తప్పులేదు.

గుండె కదలిక కనపడకపోతే ఏమిటి? ఇక్కడ తొందరపాటుకి చోటివ్వకూడదని ప్రమాణాలు గట్టిగా చెబుతాయి. యోని స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉండి గుండె కదలిక లేకపోతేనే, లేదా పిండమే కనపడని సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటేనే గర్భం ఆగిపోయినట్టు భావిస్తారు. అప్పుడు కూడా ఇంకొకరు చూసి ఖాయపరచడమో, వారం ఆగి మళ్లీ చూడడమో పద్ధతి. అంతకన్నా చిన్నగా ఉంటే కనీసం ఏడు రోజులు ఆగాల్సిందే. పూర్వం చాలాచోట్ల 5 మిల్లీమీటర్ల గీత వాడేవారు. ఒకే పిండాన్ని ఇద్దరు కొలిస్తే కొంచెం తేడా రావడం సహజం, ఆ కొంచెం తేడా వల్ల బతికున్న గర్భం పోగొట్టుకోకూడదని గీతని పైకి జరిపారు. నెలసరి సరిగా రాని వాళ్లకి, అండం ఆలస్యంగా విడుదలైన వాళ్లకి వారాల లెక్కే తప్పుతుంది కాబట్టి, "ఏడు వారాలకి కూడా కనపడలేదు" అన్న మాటలో ఏడు అన్న అంకె నిజమేనా అన్నది ముందు చూడాలి.

గొట్టం, డాప్లర్, చెయ్యి

ఏ మిషనూ మధ్యలో లేకుండా అసలు చప్పుడుని వినిపించేది కర్ర గొట్టం. 1895లో ఫ్రెంచ్ ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్డ్ తయారుచేసినది ఇప్పటికీ అదే ఆకారంలో వాడుకలో ఉంది. అంతకు చాలా ముందే, 1821లో కెర్గరాడెక్ అనే వైద్యుడు స్టెతస్కోప్‌తో గర్భిణి పొట్ట మీద బిడ్డ గుండెని విన్న సంగతి పారిస్ వైద్య అకాడమీ ముందు పెట్టాడు. ఆయన వినాలనుకున్నది ఉమ్మనీటి కదలిక చప్పుడు. దొరికింది గడియారం టిక్‌టిక్‌లాంటి జంట చప్పుడు.

పినార్డ్ గొట్టంతో 20 వారాల తర్వాతే ఆశ పెట్టుకోవచ్చు, ఇంకో నాలుగు వారాలు గడిస్తే నమ్మకంగా దొరుకుతుంది. ముందు పొట్టని చేత్తో తడిమి బిడ్డ వీపు ఎటుందో కనిపెట్టాలి. చప్పుడు బాగా వచ్చేది బిడ్డ భుజం వెనక నుంచే. కాళ్లూ చేతులూ ఉన్న వైపు వెతికితే కాలయాపనే. తల కిందికి ఉన్న బిడ్డకి బొడ్డు దిగువన ఒక పక్కకి, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకి బొడ్డుకి సమానంగానో పైనో దొరుకుతుంది. వెడల్పు వైపు పొట్టకి నిటారుగా ఆనించి, చెవితోనే కాస్త నొక్కి, చెయ్యి తీసేయాలి. గొట్టాన్ని వేళ్లతో పట్టుకునే ఉంటే వేళ్ల రాపిడే వినపడుతుంది.

డాప్లర్‌తో 10 నుంచి 12 వారాల మధ్య మొదలుపెట్టొచ్చు. 12కి ముందు దొరకకపోతే దానికి అర్థమేమీ లేదు. ఆ సమయంలో గర్భసంచి పొత్తికడుపు అడుగున ఉన్న ఎముక అంచుకి కాస్త పైనే ఉంటుంది కాబట్టి ప్రోబ్ అక్కడే, మధ్యగీత మీద పెట్టాలి. జెల్ ధారాళంగా వేయాలి. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య గాలి ఉంటే తరంగం లోపలికే పోదు. పెట్టాక జరపకూడదు, వంచాలి. ఆరు సెంటీమీటర్ల లోతులో ఉన్న గుండె విషయంలో ప్రోబ్‌ని పది డిగ్రీలు వంచితే కిరణం సుమారు ఒక సెంటీమీటరు పక్కకి పోతుంది. అప్పటికి గుండె సైజు మిల్లీమీటర్లలోనే. కొత్తవాళ్లు ప్రోబ్‌ని ఇస్త్రీ పెట్టెలా తోసేస్తారు, గుండె మీదుగా దాటిపోతూనే "దొరకలేదు" అంటారు.

చెవికి మూడు రకాలు తెలియాలి. గుర్రపు డెక్కల్లా తెగినట్టుండే జంట చప్పుడు గుండెది. అదే వేగంతో ఈల వేసినట్టు జారిపోయేది బొడ్డుతాడుది, అదీ బిడ్డదే. చెట్లలో గాలి వీచినట్టు హుష్, హుష్ మని నెమ్మదిగా వచ్చేది గర్భసంచి నాళాలది, అది తల్లిది. చాలామంది మాయ చప్పుడనేది ఇదే. ఏది విన్నా, రెండో చేత్తో తల్లి మణికట్టు నాడి పట్టుకోవాలి. రెండూ ఒక్కసారే కొడుతుంటే మీరు విన్నది తల్లినే. ఆదుర్దాలోనో జ్వరంలోనో తల్లి నాడి 120 దాటుతుంది, కాబట్టి "130 ఉంది కాబట్టి బిడ్డదే" అనుకోవడం కుదరదు. మాయ ముందువైపు ఉన్నా, గర్భసంచి వెనక్కి వంగి ఉన్నా, పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్నా దొరకడం కష్టం. వాటితో కుస్తీ పట్టడం కన్నా స్కాన్ చేయించడం మేలు.

ఇంట్లో వాడే డాప్లర్ల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. వాటితో వచ్చే పెద్ద ప్రమాదం తరంగాల వల్ల కాదు, ధైర్యం వల్ల. బిడ్డ కదలికలు తగ్గాయని అనిపించిన తల్లి, ఇంట్లో డాప్లర్ పెట్టి ఏదో చప్పుడు విని, "బాగానే ఉంది" అని రేపటికి వాయిదా వేస్తుంది. ఆ చప్పుడు తనదే కావచ్చు. బిడ్డదే అయినా, ఆక్సిజన్ తగ్గుతున్న బిడ్డ గుండె చివరిదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. శక్తి పొదుపు చేసుకోవడానికి బిడ్డ ముందు ఆపేసేది కదలడం. కదలిక తగ్గితే డాప్లర్ కోసం చెయ్యి చాచకుండా అదే రోజు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. అమెరికాలో మందులనీ వైద్య పరికరాలనీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2014లో ఇలాంటి ఇంటి డాప్లర్లు వద్దని హెచ్చరించింది. ఫోన్ మైకుతో బిడ్డ గుండె వినిపిస్తామనే యాప్‌లకైతే తరంగాలు పంపే భాగమే లేదు; వినపడేది ఎక్కువగా పేగులు, రాపిడి, తల్లి నాడి.

సీటీజీ కాగితం చదవడానికి ముందు

ఏడో నెల దాటాక అవసరమైన వాళ్లకి పెట్టేది సీటీజీ: బిడ్డ గుండె వేగాన్నీ తల్లి నొప్పులనీ కాగితం మీద గీతలుగా గీసే మిషన్. పొట్టకి రెండు బెల్టులు, రెండు బిళ్లలు. ఒకటి డాప్లర్ బిళ్ల, జెల్ రాసి బిడ్డ వీపు మీద పెట్టేది. రెండోది జెల్ లేకుండా గర్భసంచి పైభాగంలో పెట్టే ఒత్తిడి బిళ్ల. గర్భసంచి గట్టిపడినప్పుడు దాని మధ్యనున్న మీట లోపలికి నొక్కుకుంటుంది, అంతే. నొప్పి ఎప్పుడు మొదలై ఎప్పుడు తగ్గిందో అది చెబుతుంది. ఎంత బలంగా ఉందో చెప్పలేదు. బెల్టు బిగిస్తే అంకె పెరుగుతుంది, వదులైతే పడిపోతుంది. "నొప్పి 80 చూపిస్తోంది, పక్కావిడకి 40యే" అన్న పోలికకి విలువ లేదు.

తల్లి వెల్లకిలా పడుకోకూడదు. 20 వారాల తర్వాత గర్భసంచి బరువు పెద్ద సిరని నొక్కి రక్తపోటు దించుతుంది. అప్పుడు వచ్చే చెడ్డ గీత పడుకున్న తీరు తెచ్చినది. ఎడమ పక్కకి ఒరిగో, వీపు ఎత్తుగా పెట్టుకుని వాలో ఉండాలి.

ఇక కాగితం వేగం. కొన్ని దేశాల్లో నిమిషానికి 1 సెంటీమీటరు, కొన్నిచోట్ల 3. ఒకే గుండె 1లో గుబురుగా ముళ్లలా, 3లో సాగదీసిన మెత్తటి అలలా కనపడుతుంది. ఒకదానికి అలవాటైన కళ్లు రెండోదాన్ని తప్పు చదువుతాయి.

లోపలి కిటుకు మరొకటి. మిషన్ ఒక్కో చప్పుడునీ విడిగా లెక్కపెట్టదు. వచ్చిన సంకేతాన్ని దానితోనే పోల్చి, ఎంతసేపటికి మళ్లీ అదే ఆకారం వస్తోందో చూసుకుంటుంది. దీనివల్ల గీత శుభ్రంగా వస్తుంది గానీ, ఒక్కోసారి సగం దగ్గరో రెట్టింపు దగ్గరో పొరబడుతుంది. తల్లి నాడి 70 అయితే 140గా వేయగలదు. చూడడానికి ముచ్చటైన గీత! అలాగే 230తో పరిగెత్తే బిడ్డ గుండెని 115గా చూపగలదు. పట్టుకోవడానికి గుర్తులున్నాయి: బేస్‌లైన్, అంటే గీత నిలకడగా నడిచే వేగం, మెట్టు దిగినట్టు ఒక్కసారిగా మారడం, నొప్పి వచ్చినప్పుడల్లా, తల్లి ముక్కినప్పుడల్లా వేగం పెరగడం. ప్రసవం చివర్లో బిడ్డ గుండె నొప్పితో పాటు తగ్గుతుందే గానీ పెరగడం అరుదు. పెరిగేది తల్లి గుండె. అందుకే తల్లి వేలికి క్లిప్పు పెట్టి రెండు గీతలూ ఒకే కాగితం మీద వేయించడం మంచిది.

గీతలో చూసేవి

బేస్‌లైన్ అంటే పది నిమిషాల మీద నిలకడగా ఉన్న వేగం, 110 నుంచి 160. దాని కన్నా ముఖ్యమైనది గీతలో సన్నని వణుకు, వేరియబిలిటీ. అది నిమిషానికి 5 నుంచి 25 చప్పుళ్లు ఉండాలి. ఒక నాడి వేగం పెంచమంటుంది, ఇంకోటి తగ్గించమంటుంది. ఆ లాగులాటే వణుకు. గీత వణుకుతోందంటే మెదడు మేలుకుని ఉన్నట్టు. చదునుగా ఉంటే బిడ్డ నిద్రపోతూ ఉండవచ్చు. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు. పెథిడిన్, మెగ్నీషియం సల్ఫేట్‌లాంటి మందులూ వణుకుని తగ్గిస్తాయి. నిద్రయితే పోతుంది; గంట దాటినా చదునుగానే ఉంటే నిద్రని సాకుగా చెప్పుకోకూడదు.

యాక్సిలరేషన్ అంటే 15 చప్పుళ్లు పెరిగి 15 సెకన్లు నిలవడం. 32 వారాల లోపు 10 చప్పుళ్లు, 10 సెకన్లు చాలు. ఎన్‌ఎస్‌టీ (నాన్ స్ట్రెస్ టెస్ట్) అన్న పరీక్షంతా దీని మీదే ఆధారం. 20 నిమిషాల్లో రెండుసార్లు వస్తే రియాక్టివ్. రాకపోతే 40 నిమిషాలకి పొడిగిస్తారు. "నాన్ రియాక్టివ్" అన్న మాట చూసి బెంబేలెత్తే ముందు బిడ్డ నిద్రలో ఉన్నాడేమో అనుకోవాలి. ఎక్కువసార్లు అదే నిజం. తీపి తాగితే బిడ్డ లేస్తాడంటారు గానీ దానివల్ల ఫలితం తేలలేదు. పొట్ట మీద పెట్టి మోగించే చప్పుడు పరికరం మాత్రం పరీక్ష సమయాన్ని తగ్గిస్తుంది. ఈ పరీక్ష చెప్పేది ఇప్పటి సంగతి. రేపు బొడ్డుతాడు నొక్కుకుంటుందో, మాయ విడిపోతుందో ఏ గీతా ముందుగా చెప్పలేదు.

డిసిలరేషన్‌ని, అంటే వేగం కాసేపు పడిపోయి గీతలో గుంట రావడాన్ని, అర్థం చేసుకోవాలంటే నొప్పి గీత పక్కనే పెట్టి చూడాలి. నొప్పితో పాటే దిగి దానితో పాటే లేచే మెత్తటి గుంట తల నొక్కుకోవడం వల్ల, హాని లేదు. ఎప్పుడు పడితే అప్పుడు ఇంగ్లిష్ వి అక్షరంలా చటుక్కున పడిపోయేది బొడ్డుతాడు నొక్కుకోవడం వల్ల. తాడులో మెత్తనిది సిర, అది ముందు నొక్కుకున్నప్పుడు వేగం కొంచెం పెరుగుతుంది. తర్వాత ధమనులు నొక్కుకుంటే దబ్బున పడుతుంది. గుంటకి అటూ ఇటూ చిన్న భుజాలు కనిపించేది అందుకే. భయపడాల్సింది మూడోదానికి: నొప్పి శిఖరం దాటాక దిగి, నొప్పి తగ్గాక కూడా తాపీగా లేచే గుంట. లోతు తక్కువే ఉంటుంది, కంటికి అమాయకంగా కనపడుతుంది. ప్రతి నొప్పికీ అది వస్తూ, వణుకు కూడా పోతే ఆక్సిజన్ సరిపోవడం లేదని అర్థం. ఇవి కాక రంపపు పళ్లు లేని నున్నటి అలలు, నిమిషానికి మూడు నుంచి ఐదు, ఆగకుండా వస్తే బిడ్డకి తీవ్ర రక్తహీనత ఉందేమో చూడాలి. అందంగా ఉందని వదిలేసే గీతల్లో ఇది మొదటిది.

గుంటలు వస్తే చేసేవి తెలిసినవే: తల్లిని పక్కకి తిప్పడం, నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ ఆపడం, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తర్వాత రక్తపోటు పడితే సెలైన్ ఇవ్వడం, లోపల చేత్తో చూసి బొడ్డుతాడు జారలేదని నిర్ధారించుకోవడం. పడిపోయిన గుండె లేవకపోతే చాలా ప్రసూతి గదుల్లో 3, 6, 9, 12 లెక్క పాటిస్తారు: మూడో నిమిషానికి అందరినీ పిలవడం, ఆరుకి థియేటర్ వైపు కదలడం, తొమ్మిదికి కాన్పుకి సిద్ధం కావడం, పన్నెండుకల్లా బిడ్డని బయటికి తేవడానికి ప్రయత్నించడం.

అందరికీ అంతసేపూ మిషన్ ఎందుకు పెట్టరు

ఇంత సమాచారం ఇచ్చే మిషన్ ప్రసవమంతా పెట్టి ఉంచితే మంచిదే కదా? వైద్య పరిశోధనలని ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 13 ట్రయల్స్‌ని, 37,000 మందికి పైగా స్త్రీలని కలిపి చూసిన సమీక్షలో తేలినది వేరు. నిరంతరం సీటీజీ పెట్టినప్పుడు పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి; మరణాల్లో, సెరిబ్రల్ పాల్సీలో స్పష్టమైన తేడా రాలేదు; సిజేరియన్లు మాత్రం పెరిగాయి. కారణం మిషన్ స్వభావంలోనే ఉంది: "అంతా బాగుంది" అని చెప్పడంలో దిట్ట, "బాగాలేదు" అని చెప్పడంలో తరచూ తప్పు. అందుకే ఏ ఇబ్బందీ లేని గర్భానికి డబ్ల్యూహెచ్‌ఓ సిఫారసు చేసేది ఆగి ఆగి వినడమే. ప్రసవం మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, ప్రతిసారీ కనీసం ఒక పూర్తి నిమిషం. నొప్పి తగ్గిన వెంటనే వినాలి, ఎందుకంటే ఆలస్యంగా దిగే గుంట అప్పుడే దొరుకుతుంది. 15 సెకన్లు విని నాలుగుతో హెచ్చవేయడం వేగాన్ని చెబుతుందేమో గానీ, గుంటని చెప్పదు. రక్తపోటు, ఎదుగుదల తగ్గిన బిడ్డ, ఉమ్మనీటిలో మలం, ఆక్సిటోసిన్ డ్రిప్ లాంటివి ఉంటే మాత్రం నిరంతరం చూడాల్సిందే.

పొట్ట మీద నుంచి గీత సరిగా రాకపోతే బిడ్డ తల చర్మానికి సన్నని ఎలక్ట్రోడ్ గుచ్చుతారు. ఉమ్మనీటి సంచి పగిలి, గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని ఉండాలి. తల్లికి హెచ్‌ఐవీ, హెపటైటిస్, హెర్పిస్ ఉంటే వాడకూడదు. ఇది కదలికని కాదు, గుండె విద్యుత్తుని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి అన్నిటికన్నా కచ్చితమైనది. అయినా మొదటి ప్రశ్న ఇక్కడా వదలదు. బిడ్డ గుండె ఆగిపోయి ఉంటే, తల్లి గుండె విద్యుత్తు బిడ్డ శరీరం గుండా ప్రవహించి అదే ఎలక్ట్రోడ్‌లో ఒక చక్కటి గీత గీస్తుంది. కాగితం మీద అంకె తల్లి నాడితో కలుస్తున్నా, ఉన్నట్టుండి గీత "బాగుపడినా" బిళ్లలు సర్ది సరిపెట్టుకోకూడదు. స్కాన్ ప్రోబ్ పెట్టి కొట్టుకుంటున్న గుండెని కంటితో చూడాలి, అదే నిమిషంలో తల్లి నాడి కూడా కాగితం మీద రాయాలి.